పీట్ పోసల్‌త్వెయిట్ సినిమాలు చూడటం ఎలా: చిన్న వేషాలు వేసేవాళ్ల కోసం

నటన నేర్చుకుంటామని మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఒక సంగతి ముందే తెలుసు. దొరికితే కానిస్టేబుల్ వేషమో, పెళ్లికూతురి మేనమామ వేషమో దొరుకుతుంది. అయినా సాధన కోసం వాళ్లు చూసేవి మాత్రం హీరోల సీన్లే. రెండు నిమిషాల తండ్రి వేషం వచ్చినవాడికి హీరో ఎంట్రీ సీను ఏం పనికొస్తుంది? పక్కన నిలబడి కూడా ఒక నిండు మనిషిగా కనిపించడం ఎలాగో వాడికి తెలియాలి. దాన్ని నేర్పడానికి ఎన్నో ఏళ్లుగా నేను వాడుతున్న నటుడు ఇంగ్లండ్‌కు చెందిన పీట్ పోసల్‌త్వెయిట్. ఆయన సినిమాలు ఏ వరుసలో చూడాలి, వాటిలో ఏం గమనించాలి, చూశాక ఏం సాధన చేయాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను. తెర బయట ఆయన చేసిన పని గురించి కూడా రాస్తాను. అది వదిలేస్తే ఆయన సగమే అర్థమవుతాడు.

పేరు కొత్తగా అనిపించినా ముఖం మీకు తెలిసే ఉంటుంది. 'ఇన్‌సెప్షన్'లో మంచం మీద చావుబతుకుల మధ్య ఉన్న కోటీశ్వరుడు, కిలియన్ మర్ఫీ తండ్రి, ఆయనే. స్పీల్‌బర్గ్ తీసిన 'ది లాస్ట్ వరల్డ్'లో టి-రెక్స్‌ను వేటాడాలని వచ్చే వేటగాడూ ఆయనే. 'ది యూజువల్ సస్పెక్ట్స్'లో కొబయాషి అనే లాయరు. పొడుచుకొచ్చిన చెంప ఎముకలు, పెద్ద ముక్కు, లోతైన కళ్లు. ఒకసారి చూస్తే మరిచిపోయే ముఖం కాదు, అలాగని హీరోకి పనికొచ్చే ముఖమూ కాదు. ఆ ముఖంతోనే ఆయన ముప్పై ఏళ్లకు పైగా తెర మీద ఉన్నాడు.

మొదట మనిషి గురించి

1946 ఫిబ్రవరి 7న వారింగ్టన్‌లో పుట్టాడు. లివర్‌పూల్‌కూ మాంచెస్టర్‌కూ మధ్యలో ఉండే ఫ్యాక్టరీల ఊరు అది. కాథలిక్ కార్మిక కుటుంబం, నలుగురు పిల్లల్లో చివరివాడు. తండ్రి చెక్క పీపాలు చేసేవాడు, ఆ తర్వాత ఒక బడిలో కేర్‌టేకర్‌గా పనిచేశాడు. కొడుకు టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి మాంచెస్టర్‌లో ఒక కాథలిక్ బాలికల స్కూల్లో చేరి డ్రామా చెప్పాడు. ఆ ఉద్యోగం వదిలి బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో నటన నేర్చుకున్నాడు. ఇంట్లో వాళ్లు నెత్తీ నోరూ బాదుకునే రకం నిర్ణయం ఇది. ఇలాంటి నిర్ణయం తీసుకోవాలా వద్దా అని నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఈ ముక్క ప్రత్యేకంగా చెబుతాను.

ఆయన్ను తయారు చేసింది 1970ల నాటి లివర్‌పూల్ ఎవ్రీమన్ థియేటర్. బిల్ నై, జూలీ వాల్టర్స్, జోనథన్ ప్రైస్, ఆంటొనీ షేర్, అందరూ ఆ రోజుల్లో అక్కడివాళ్లే. హోప్ స్ట్రీట్‌లోని ఆ హాల్లో ఆడటంతో పాటు వ్యాన్ వేసుకుని పబ్బులకు కూడా వెళ్లి నాటకాలు ఆడేవాళ్లు. తాగుతూ, కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నవాళ్లను తలెత్తి చూసేలా చేయాలి, అందుకు మైకు ఉండదు, లైటింగ్ ఉండదు. మన ప్రజా నాట్యమండలి నుంచి సినిమాల్లోకి వెళ్లినవాళ్ల దగ్గర కనిపించే ధైర్యం, ఎదురుగా ఉన్న జనం తనవాళ్లే అన్న ధీమా, పోసల్‌త్వెయిట్‌లోనూ కనిపిస్తాయి.

తొందరపడే పిల్లలకు ఆయన వయసుల లెక్క చెబుతాను. 1977లో రిడ్లీ స్కాట్ మొదటి సినిమా 'ది డ్యూయలిస్ట్స్'లో ఒక జనరల్‌కు గడ్డం గీసే మనిషిగా కనిపించాడు. అప్పటికి ముప్పై ఒకటి. లోకం ఆయన్ను గుర్తించిన 'డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్' వచ్చేసరికి నలభై రెండు. ఆస్కార్ నామినేషన్ తెచ్చిన సినిమా నలభై ఏడో ఏట. ఈ మధ్యలో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో నాటకాలు, టీవీలో చిన్నాచితకా వేషాలు.

చూసే పద్ధతి

ఒక సీను ఎంచుకోండి, సినిమా మొత్తం వద్దు. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి సౌండు తీసేసి ఆయన్ను మాత్రమే చూడండి. అవతలివాడు మాట్లాడుతున్నంతసేపూ మీ కళ్లు పోసల్‌త్వెయిట్ మీదే ఉండాలి. ఇది చెప్పినంత సులువు కాదు. మాట్లాడేవాడి వైపే చూడటం మన కంటికి అలవాటు. మూడోసారి చేతులు చూడండి. ఆయన చేతులు ఊరికే ఉండవు, అనవసరంగా కదలవు కూడా. రుమాలు, గుర్రం బ్రష్షు, బ్యాండు మాస్టరు కర్ర, గులాబీ కాడ, ఏదో ఒక పనిలో ఉంటాయి.

ఆ తర్వాత నోటుపుస్తకంలో ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఈ మనిషి దృష్టిలో ఈ గదిలో న్యాయం ఎవరి వైపు ఉంది? ప్రతి పాత్రకూ తన వైపు ఒక వాదన ఉంటుంది. దుర్మార్గుడికి కూడా ఉంటుంది. పోసల్‌త్వెయిట్ ఆ వాదన ఎక్కడా నోటితో చెప్పడు గానీ, దాన్ని నమ్మి నిలబడతాడు. ఆయన నుంచి నేర్చుకోవలసింది నా లెక్కలో ఇదే. మిగతా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా పెట్టుకోవాలి. యార్క్‌షైర్ యాస, బెల్‌ఫాస్ట్ యాస మొదట్లో చెవికి ఎక్కవు.

మొదటి సినిమా: 'బ్రాస్డ్ ఆఫ్' (1996)

దీనితోనే మొదలుపెట్టమంటాను. అందుకు నా సొంత కారణం కూడా ఉంది. నేను మందమర్రిలో పుట్టాను. మా నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్, బాయి దిగి టబ్బులు నింపినవాడు. ఉత్తర ఇంగ్లండ్‌లో తీసిన ఈ సినిమా మొదలవగానే చీకట్లోంచి క్యాప్ ల్యాంపులు కదులుతూ వస్తుంటే, ఆ మనుషులెవరో నాకు ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

కథ గ్రిమ్లీ అనే కల్పిత ఊరిది. దాని వెనక ఉన్న అసలు ఊరు దక్షిణ యార్క్‌షైర్‌లోని గ్రైమ్‌థార్ప్. 1984-85 సమ్మెలో అక్కడి గని కార్మికులు ఏడాది పాటు పోరాడి ఓడిపోయారు. 1992 అక్టోబరులో ప్రభుత్వం 31 గనులు మూసేస్తామని ప్రకటించింది, సుమారు 30 వేల ఉద్యోగాలు. గ్రైమ్‌థార్ప్ గని కూడా మూతపడింది. ఆ గనికి చాలాకాలంగా ఒక బ్రాస్ బ్యాండు, అంటే ఇత్తడి ఊదుడు వాయిద్యాల బ్యాండు, ఉంది. మూసివేత ప్రకటన వచ్చిన ఆ అక్టోబరులోనే వాళ్లు లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో జాతీయ పోటీ గెలిచారు. సినిమాలో మనం వినే సంగీతం వాయించింది ఆ బ్యాండే. దర్శకుడు మార్క్ హెర్మన్.

పోసల్‌త్వెయిట్ వేసింది డానీ వేషం. రిటైరైన గని కార్మికుడు, బ్యాండు మాస్టరు. ఊరంతా గని గురించి టెన్షన్ పడుతుంటే ఈయనకు బ్యాండు తప్ప మరో ధ్యాస లేదు. ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి పేరుకుపోయిన మనిషి. ఆ జబ్బును చూపించడానికి ఆయన దగ్గడం మీద ఆధారపడలేదు. వాక్యం మధ్యలో గాలి అందని చోట ఆగుతాడు, ఆగింది ఎవరికీ తెలియకూడదని వెంటనే అందుకుంటాడు. మా కాలనీలో పెద్దవాళ్లు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి, ఏదో చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకునేవాళ్లు. సరిగ్గా అదే.

సాధనకు మూడు సీన్లు.

ఒకటి, గ్లోరియా అనే అమ్మాయి రిహార్సల్ హాలుకు వచ్చి, ట్రంపెట్ లాంటి ఫ్లూగల్ హార్న్ వాయించే సీను. పాట ఒక స్పానిష్ గిటార్ కచేరీ నుంచి తీసుకున్నది. ఆ రాగం నడుస్తుండగానే మధ్యమధ్యలో యూనియన్‌వాళ్లు మేనేజ్‌మెంట్‌తో బేరాలాడటం చూపిస్తారు. ఇక్కడ డానీకి డైలాగు లేదు. కొత్తగా వచ్చిన ఆడపిల్ల ఎలా వాయిస్తుందోనన్న అనుమానంతో మొదలై, ఆమె వాయిస్తున్నకొద్దీ ఆ ముఖం మారుతూ పోతుంది. సౌండు లేకుండా చూడండి. ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించడం కష్టం. పెద్దగా నవ్వడు, కళ్లు పెద్దవి చేయడు. బిగుసుకున్న దవడ మాత్రం వదులవుతుంది.

రెండు, ఆస్పత్రి సీను. రాత్రిపూట బ్యాండువాళ్లు హెల్మెట్లకు దీపాలు పెట్టుకుని ఆస్పత్రి బయట నిలబడి వాయిస్తారు. లోపల డానీ వింటాడు. ఈ సీను చూసి మా పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి. తర్వాత మాత్రం అడగండి: ఆయన ఏడ్చాడా?

మూడు, ఆల్బర్ట్ హాల్లో మాట్లాడే సీను. ఆస్పత్రి నుంచి లేచి వచ్చిన డానీ గెలిచిన కప్పు తీసుకోనంటాడు. సంగీతమే ముఖ్యమనుకున్నాను గానీ మనుషుల ముందు అది ఎంత అని, ప్రభుత్వం ఆ మనుషులను ఏం చేసిందో చెబుతాడు. చాలామంది నటులు ఇలాంటి డైలాగు దొరికితే గొంతు పెంచుకుంటూ పోతారు. ఈయన కోపాన్ని లోపల పెట్టుకుని, చదువుకోని మనిషి పెద్దవాళ్ల సభలో మాట్లాడేటప్పుడు ఉండే మొహమాటాన్ని పైకి తెచ్చాడు. ఆ మొహమాటం దాటుకుని వస్తుంది కాబట్టే కోపం అంత గట్టిగా తగులుతుంది. (ఆయన దిగాక బ్యాండులో ఒకడు గబుక్కున వచ్చి కప్పు ఎత్తుకుపోతాడు. అది కూడా చాలా నిజమైన ముక్క.)

ఈ సినిమాలో గని మూసేయాలా వద్దా అని కార్మికులు ఓటు వేస్తారు, మెజారిటీ డబ్బు తీసుకుని వెళ్లిపోవడానికే వేస్తుంది. మన దగ్గర గోల్డెన్ హ్యాండ్‌షేక్ రోజులు చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న ఉద్యోగులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు వచ్చారు. బెల్లంపల్లి ఎలా ఖాళీ అయిందో మా తరం కళ్లారా చూసింది. కోల్‌బెల్ట్‌లో ఎవరైనా ఈ సినిమా ప్రదర్శన పెడితే, ముందు రోజు ఒక పేజీ తెలుగు కథాసారం రాసి పంచండి. నేను అలాగే చేస్తాను. రిటైరైన కార్మికులు కూడా కూర్చుని చూస్తారు, సబ్‌టైటిల్స్ చదవలేకపోయినా కథ అందుకుంటారు. ఆత్మహత్యాయత్నం సీను ఒకటి ఉంది, బూతులు ఉన్నాయి. చిన్నపిల్లలు ఉంటే ముందే చూసుకోండి.

రెండోది: 'ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్' (1993)

1974 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో పబ్బుల్లో బాంబులు పేలాయి. చేయని నేరానికి జెరీ కాన్లన్ అనే బెల్‌ఫాస్ట్ కుర్రాడితో పాటు మరో ముగ్గురికి జైలు పడింది. కొడుకుకు సాయం చేద్దామని వచ్చిన తండ్రి జుసెప్పీ కాన్లన్‌ను కూడా పట్టుకుని వేరే కేసులో ఇరికించారు. ఆయన 1980లో ఖైదీగానే చనిపోయాడు. కొడుకు 1989లో విడుదలయ్యాడు. తండ్రి మీద పడిన శిక్షను 1991లో కొట్టేశారు. 2005లో ప్రధాని టోనీ బ్లెయిర్ ఆ కుటుంబాలకు క్షమాపణ చెప్పాడు. జిమ్ షెరిడన్ తీసిన ఈ సినిమాలో కొడుకు డానియల్ డే లూయిస్, తండ్రి పోసల్‌త్వెయిట్. ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది ఈ వేషానికే.

ఒక జాగ్రత్త. సినిమాలో తండ్రీకొడుకులు ఒకే సెల్‌లో ఉంటారు. నిజంగా అలా ఉండలేదు. లాయరు పాత్ర విషయంలోనూ స్వేచ్ఛ తీసుకున్నారు. చరిత్ర తెలుసుకోవాలంటే కేసు గురించి విడిగా చదవండి, నటన కోసం సినిమా చూడండి.

చూడాల్సింది జైల్లో కొడుకు విరుచుకుపడే సీను. చిన్నప్పుడెప్పుడో ఫుట్‌బాల్ మ్యాచ్‌లో పతకం వచ్చిన రోజున తండ్రి అన్న మాట దగ్గర నుంచి మొదలుపెట్టి మొత్తం కక్కేస్తాడు. డే లూయిస్ లాంటి నటుడు అంత జోరు మీద ఉన్నప్పుడు ఎదురుగా కూర్చున్నవాడు ఏం చేయాలి? పోటీకి దిగితే సీను పాడవుతుంది. ఊరికే కూర్చుంటే కుర్చీకీ తనకూ తేడా ఉండదు. పోసల్‌త్వెయిట్ వింటాడు. కొడుకు చెప్పే ప్రతి మాటా అప్పుడే మొదటిసారి వింటున్నట్టు, అందులో నిజం ఎంతుందో తూచుకుంటున్నట్టు. తండ్రి వేషాలు వేయాలనుకునే ప్రతి ఒక్కరికీ ఈ సీను ఇస్తాను. ఇద్దరిని కూర్చోబెట్టి, ఒకరిని తిట్టమంటాను, రెండోవారిని ఏమీ అనొద్దంటాను. విన్నవాడికే మార్కులు.

జుసెప్పీ చనిపోయిన రాత్రి ఖైదీలు కిటికీల్లోంచి కాగితాలు వెలిగించి కిందికి వదులుతారు. ఆ సీన్లో పోసల్‌త్వెయిట్ లేడు. అప్పటిదాకా గొంతు పెద్దగా ఎత్తని ఆ మనిషి కోసం జైలు జైలంతా అలా చేయడం మనకు అతిగా అనిపించదు. అంతకుముందు సీన్లలో ఆయన పడిన కష్టమే అందుకు కారణం.

మూడోది: 'డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్' (1988)

ఇది చివర్లో చూడమంటాను, ఎందుకంటే కష్టమైన సినిమా. టెరెన్స్ డేవీస్ తన కుటుంబాన్నే ఆధారం చేసుకుని తీశాడు. 1940లు, 50ల లివర్‌పూల్. ఇంట్లో అందరినీ కొట్టే తండ్రి వేషం పోసల్‌త్వెయిట్‌ది. డానీని, జుసెప్పీని చూసి వచ్చినవాళ్లకు ఇది చెంపదెబ్బలా తగులుతుంది. అలా తగలాలనే వరుస ఇలా పెట్టాను.

క్రిస్మస్ ముందు రాత్రి పిల్లలు నిద్రపోతుంటే ఈ తండ్రి వచ్చి, వాళ్ల కోసం కానుకలు పెట్టి, ఎంతో మెత్తగా చూసి వెళతాడు. మర్నాడు భోజనాల దగ్గర టేబుల్ మీది గుడ్డ పట్టి లాగేస్తాడు. వంటంతా నేలపాలు. శుభ్రం చేయమని భార్య మీద అరుస్తాడు. ఈ రెండింటి మధ్యా ఆయన ఎలాంటి వంతెనా కట్టడు. ఎందుకు మారాడో చెప్పే చూపు లేదు, నిట్టూర్పు లేదు. రెండూ ఆ మనిషే. గుర్రానికి మాలీషు చేస్తూ పాడుకుంటుంటే పిల్లలు పైనుంచి దొంగచాటుగా చూసే సీను కూడా ఉంది. కొట్టే తండ్రి ఇంత కమ్మగా పాడుకుంటాడా అని ఆ పిల్లలకు అనిపించిందే మనకూ అనిపిస్తుంది.

విలన్ వేషం వేసే కుర్రాళ్లు సాధారణంగా మొదటి ఫ్రేము నుంచే విలన్లుగా ఉంటారు. వాళ్లకు ఈ క్రిస్మస్ సీను మందు.

ఇంట్లో ఇలాంటివి అనుభవించినవాళ్లు మీ గుంపులో ఉండొచ్చు. ముందే చెప్పండి, బయటికి వెళ్లాలనుకుంటే వెళ్లనివ్వండి.

మిగతావి త్వరగా

'షార్ప్' టీవీ సిరీస్‌లో ఆయన వేసిన హేక్స్‌విల్ అనే సార్జెంటు, తన టోపీలోకి చూస్తూ అమ్మతో మాట్లాడే కిరాతకుడు, పెద్ద గీతలతో గీసిన నటన. రంగస్థలం నుంచి వచ్చినవాళ్లు చూస్తే సంతోషిస్తారు. 'ది టౌన్' (2010)లో పూలకొట్టు నడిపే గ్యాంగు పెద్ద. గులాబీ ముళ్లు తీస్తూ బెదిరిస్తాడు. చేతుల పాఠానికి ఇంతకన్నా మంచి సీను నాకు తెలియదు. 'ది లాస్ట్ వరల్డ్'లో వేటగాడికి తన భాగస్వామి అజయ్ చనిపోయాక గెలుపు మీద ఆసక్తి పోతుంది. రెండు ముక్కల్లో చెప్పి వెళ్లిపోతాడు, కానీ డైనోసార్ల సినిమాలో మనిషి బాధ గుర్తుండేది అక్కడే. ఆ షూటింగ్ నుంచే స్పీల్‌బర్గ్ ఆయన్ను ప్రపంచంలో అందరికన్నా గొప్ప నటుడన్న మాట పాకింది. 'రోమియో + జూలియట్' (1996)లో ఫాదర్ లారెన్స్‌ను షేక్‌స్పియర్ డైలాగు ఎలా పలకాలో వినడానికి మాత్రం కళ్లు మూసుకుని వినండి.

తెర బయట

2004లో ఆయనకు ఓబీఈ అనే ప్రభుత్వ గౌరవం వచ్చింది. అంతకు ముందే, 1997 ఎన్నికల్లో, లేబర్ పార్టీ ప్రచార చిత్రంలో టాక్సీ డ్రైవర్‌గా నటించి బ్లెయిర్ గెలుపుకు సాయం చేసినవాడు. 2003లో అదే బ్లెయిర్ ఇరాక్ యుద్ధానికి సిద్ధమైనప్పుడు లండన్ వీధుల్లో జనంతో కలిసి యుద్ధం వద్దని నడిచాడు. ష్రాప్‌షైర్‌లో పల్లెటూరి ఇంటికి గాలిమర పెట్టించుకున్నాడు.

2009లో ఫ్రానీ ఆర్మ్‌స్ట్రాంగ్ తీసిన 'ది ఏజ్ ఆఫ్ స్టుపిడ్' వచ్చింది. మామూలు జనం వేసుకున్న చందాలతో తీసిన వాతావరణ మార్పు డాక్యుమెంటరీ. 2055లో, పాడైపోయిన భూమి మీద పాత రికార్డులు భద్రపరుస్తూ ఒంటరిగా మిగిలిన ముసలివాడి వేషం ఆయనది. మన కాలపు వీడియోలు ఒక్కొక్కటే తెరిచి చూస్తూ, అవకాశం ఉండగా వీళ్లు ఎందుకు బయటపడలేదు అని అడుగుతుంటాడు. ఆ వీడియోల్లో ఉన్నవాళ్లంతా నిజమైన మనుషులు. చవక విమానాల కంపెనీ పెడుతున్న మన జే వాడియా కూడా వాళ్లలో ఒకరు. ఎదురుగా మరో నటుడు లేకుండా, తెరతో మాట్లాడుతూ సినిమాను మోయడం ఎలాగో ఇందులో చూడొచ్చు. సెల్ఫీ వీడియో ఆడిషన్లు పంపే కాలంలో ఇది పనికొచ్చే పాఠం.

ఆ సినిమా ప్రీమియర్ 2009 మార్చిలో లండన్‌లోని లెస్టర్ స్క్వేర్‌లో, సౌర విద్యుత్తుతో నడిచే టెంటులో జరిగింది. ఇంధన, వాతావరణ మంత్రి ఎడ్ మిలిబాండ్ అక్కడే ఉన్నాడు. కెంట్ కౌంటీలోని కింగ్స్‌నార్త్‌లో ఈ.ఆన్ కంపెనీ కొత్త బొగ్గు విద్యుత్ కేంద్రం కడతానంటున్న రోజులవి. దానికి అనుమతి ఇస్తే నా ఓబీఈ తిరిగి ఇచ్చేస్తానని పోసల్‌త్వెయిట్ మంత్రికి చెప్పాడు. తర్వాతి నెలలో ప్రభుత్వం, కొత్త బొగ్గు కేంద్రాలు తమ కార్బన్‌లో కొంతైనా పట్టి భూమిలో దాచాల్సిందేనని ప్రకటించింది. కింగ్స్‌నార్త్ పథకాన్ని కంపెనీ మొదట వాయిదా వేసి, 2010లో మానుకుంది. ఎందరో ఏళ్ల తరబడి చేసిన ఉద్యమం అది. ఆయన తన వాటాగా తన పేరునూ బిరుదునూ పెట్టాడు.

ఈ సంగతి చెప్పినప్పుడు గోదావరిఖని అబ్బాయి ఒకడు అడిగాడు: "సార్, బొగ్గుబాయి మూసేశారని అంత బాధపడ్డ మనిషి, బొగ్గు ప్లాంటు వద్దంటాడేంది?"

చాలా మంచి ప్రశ్న. దీని మీద ఒక క్లాసు మొత్తం గడపొచ్చు, గడపండి. నా అభిప్రాయం ఇది. గ్రైమ్‌థార్ప్‌ను మూసింది గాలి బాగుపడాలని కాదు. మూసినవాళ్లు ఆ ఊరివాళ్లకు రేపు ఏమిటని ఆలోచించలేదు. డానీ మాట్లాడింది ఆ నిర్లక్ష్యం గురించి. కింగ్స్‌నార్త్ కట్టబోయే కొత్త ప్లాంటు, దశాబ్దాల పాటు పొగ వదిలేది. ఆ పొగ భారం మోసేవాళ్లు ఆ లాభనష్టాల లెక్కలో లేరు. రెండు చోట్లా లెక్కలో లేని మనుషుల పక్కనే ఆయన నిలబడ్డాడని నేను అనుకుంటాను. డానీ ఊపిరితిత్తుల్లో ఉన్నది కూడా బొగ్గే కదా. రామగుండం ప్లాంటులో ఉద్యోగం చేస్తూ, బూడిద పడిన డాబా కడుక్కునే ఇళ్లు మనకూ ఉన్నాయి. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లలు ఈ చర్చలో అందరికన్నా బాగా మాట్లాడతారు, వాళ్లను మాట్లాడనివ్వండి. ఆ అబ్బాయి నా మాట పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని నేనూ పట్టుబట్టలేదు.

నటుడికి ఇవన్నీ ఎందుకు అనే పెద్దలు ఉంటారు. నాకు ఇందులో సందేహం లేదు. జుసెప్పీ లాంటి మనిషి తరఫున వాదన మనసులో పెట్టుకుని నెలల తరబడి బతికినవాడికి, బయట అలాంటివాళ్లు కనిపించినప్పుడు ముఖం తిప్పుకోవడం రాదు. అటు నుంచి ఇటు కూడా అంతే. వార్తలు చదవని, పక్కింటి గొడవ పట్టని కుర్రాడు రైతు వేషం వేస్తే పంచె కనిపిస్తుంది గానీ రైతు కనిపించడు. అందుకే మా దగ్గర ప్రతి పాత్ర సాధనకూ ముందు, ఆ పని చేసే మనిషితో ఒక పూట గడిపి రమ్మంటాం.

లియర్, ఆ తర్వాత

2008లో, లివర్‌పూల్ యూరప్ సాంస్కృతిక రాజధానిగా ఉన్న ఏడాది, ఆయన మళ్లీ ఎవ్రీమన్‌కు వచ్చి షేక్‌స్పియర్ నాటకంలో కింగ్ లియర్ వేషం వేశాడు. రూపర్ట్ గూల్డ్ దర్శకత్వం. తర్వాతి ఏడాది అదే నాటకం లండన్‌లోని యంగ్ విక్‌లో ఆడింది. హాలీవుడ్‌లో పేరు వచ్చాక కూడా మొదట నేర్చుకున్న స్టేజీకి అరవై దాటిన వయసులో తిరిగి వెళ్లి, ఉన్నవాటిలో కష్టమైన వేషం వేశాడు. మన పరిషత్ నాటకాల నుంచి సీరియళ్లకు వెళ్లి మళ్లీ ఊరి స్టేజీ ఎక్కనివాళ్లకు నేను ఇది తప్పక చెబుతాను.

చివరి రోజుల్లో క్యాన్సర్‌తో ఉండి కూడా పనిచేశాడు. 'ఇన్‌సెప్షన్', 'ది టౌన్' రెండూ 2010లో వచ్చాయి. 2011 జనవరి 2న ష్రూస్‌బరీ ఆస్పత్రిలో పోయాడు, 64 ఏళ్లు. 'ది టౌన్'కు బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా నామినేషన్ ఆ తర్వాత వచ్చింది.

మీకు ఒక్క సాయంత్రమే ఉంటే 'బ్రాస్డ్ ఆఫ్' చూడండి. రెండు సాయంత్రాలుంటే రెండోది 'ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్'. డబ్బులు తీసుకుని గానీ, బయట హాల్లో గానీ ప్రదర్శన పెడితే హక్కుల సంగతి ముందే కనుక్కోండి. 'ది ఏజ్ ఆఫ్ స్టుపిడ్' బృందం అప్పట్లో ఎవరైనా తమ ఊళ్లో ప్రదర్శించుకునేలా పద్ధతి పెట్టింది, దాన్ని చూసి మీ షార్ట్ ఫిల్మ్‌కు కూడా అలాంటి ఏర్పాటు చేసుకోవచ్చు. స్పీకర్ల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. 'బ్రాస్డ్ ఆఫ్'లో ఆ బ్యాండును ల్యాప్‌టాప్ సౌండుతో వినిపిస్తే, డానీ ముఖం దేనికి మారిందో వెనక వరసలో ఉన్నవాళ్లకు తెలియదు.